కాకుల పక్షమా, గుడ్లగూబల పక్షమా? చిన్నప్పటి జంతువుల సాహస కథలు

అటకమీదపిల్లి
మా వాడికి తొమ్మిదేళ్లు. బెంగళూరులో చదువు, అంతా ఇంగ్లీషే. ఎలుకలు కత్తులు పట్టుకుని కోటని కాపాడుకునే లావుపాటి పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి నమిలేస్తున్నాడు. అన్నం దగ్గర కూడా వదలడు. ఏ పుస్తకం తెరిచినా పేజీల మధ్య ఎండిపోయిన పెరుగన్నం మెతుకులే. సరే, చదువుతున్నాడు కదా అని ఊరుకున్నాను.

మొన్న ఆదివారం అడిగాడు, "అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఇలాంటివి చదివావా? తెలుగులో ఉంటాయా?" అని. బోలెడు ఉన్నాయిరా అని గొప్పగా పంచతంత్రం అందుకున్నాను. కోతి, మొసలి కథ చెప్పాను. బాగానే విన్నాడు. చివర్లో "ఈ కథలోని నీతి ఏమిటంటే" అనగానే లేచి వెళ్లిపోయాడు. ఏమైందిరా అంటే "కథ బావుంది, కానీ చివర్లో స్కూలు వచ్చేసింది" అన్నాడు.

అప్పట్నుంచీ అదే ఆలోచన. మనకి నిజంగా జంతువుల సాహస కథలు ఉన్నాయా, లేక జంతువుల చేత చెప్పించిన పాఠాలేనా? పాఠాలే అయితే నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంత ఇష్టంగా ఎందుకు గుర్తున్నాయి? మీరు చదివినవి చెప్పండి. నీతి లేనివైతే మరీ మంచిది.

బడుద్ధాయి
"చివర్లో స్కూలు వచ్చేసింది." ఇంతకన్నా పొట్టి పుస్తక సమీక్ష నేను చదవలేదు. అబ్బాయికి ఒక కాలమ్ ఇప్పించండి.

గోదారిగట్టు
చందమామ సీరియల్స్ ఇవ్వండి. వాటిలో నీతీ గీతీ ఉండదు. నెలనెలా ఎవడో ఒకడు లోయలో పడబోతూ ఉంటాడు, సరిగ్గా అక్కడ "ఇంకా ఉంది".

మా తాతగారిది రావులపాలెం దగ్గర పల్లెటూరు. ఏడాదికి పన్నెండు సంచికలూ కలిపి బైండు చేయించేవారు. బైండింగు చేసే అతను అంచులు సమంగా రావాలని మరీ లోపలికి కోసేశాడు. దాంతో ఒక సంపుటంలో గండభేరుండం బొమ్మకి రెండో తల సగమే మిగిలింది. నేను చాలా ఏళ్లు గండభేరుండం అంటే ఒకటిన్నర తల ఉన్న పక్షి అనుకున్నాను. నవ్వకండి, కాలేజీలో ఒకడితో పందెం కూడా కాశాను.

చందమామకి బొమ్మలు వేసిన చిత్ర గారు గుర్తున్నారా? పక్షి రెక్కలు విప్పితే పేజీ పైసగం అంతా అదే. కింద మూలన గుర్రం మీద మనిషి చిటికెన వేలంత. ముందు బొమ్మలన్నీ చూసి, వీడు చస్తాడా బతుకుతాడా అని మేమే ఒక కథ అల్లుకుని, ఆ తర్వాత చదివేవాళ్లం.

కరీంనగర్_కాకి
అన్నా, అవి మాంత్రికుల కథలు. ఏనుగైనా, గండభేరుండమైనా ఎవడో ఒకడు ఎక్కి తిరగడానికే. అక్క అడిగింది ఎలుకే హీరో అయ్యే కథ.

గోదారిగట్టు
భల్లూక మాంత్రికుడు సంగతేంటి మరి? పేరులోనే ఎలుగుబంటి ఉంది.

కరీంనగర్_కాకి
మా వాడలో నర్సింహులు అని కిరాణా దుకాణం ఆయన ఉండేటోడు. పేరులో సింహం ఉంది. బల్లిని చూస్తే గల్లాపెట్టె ఎక్కేటోడు.

పాతపుస్తకాలపిచ్చి
ఆ సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. సీరియల్ మీద ఆయన పేరు వేసేవాళ్లు కాదు. 1954లో తోకచుక్క, ఆ తర్వాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... అన్నీ ఒకే చెయ్యి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పత్రిక పెట్టారనీ, కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని ఏళ్ల తరబడి తీర్చిదిద్దారనీ అందరికీ తెలుసు. మనకి రాత్రిళ్లు నిద్ర పట్టకుండా చేసినాయన పేరు మాత్రం తెలియదు.

కానీ ఇక్కడ కాకి మాటే నిజం. ఆ కథల్లో జంతువులు భయపెడతాయి, మోస్తాయి, అడ్డం పడతాయి. ఆలోచించేది మాత్రం మనుషులే.

వేపచెట్టు_నీడ
నాది వేరే దారి. సోవియట్ పుస్తకాలు.

మాది అనంతపురం వైపు. ఏడాదికోసారి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చి స్కూలు ముందు వేపచెట్టు కింద ఆగేది. (నా పేరు అక్కడిదే.) పక్క తలుపు పైకి లేపితే లోపలంతా అరలు. లెనిన్ పైన ఉండేవాడు, మా చేతికందే కింది అరలో పిల్లల పుస్తకాలు. గట్టి అట్ట, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, ఇంత చేసి ధర రూపాయో రెండో. "వీళ్లు పిల్లల్ని కమ్యూనిస్టుల్ని చేస్తార్రా" అని గొణుగుతూనే మా నాన్న కొనిపెట్టేవాడు. ఇప్పుడు నేను బ్యాంకులో లోన్లు వసూలు చేసే సెక్షన్లో ఉన్నాను. వాళ్ల ప్రయత్నం ఫలించినట్టు లేదు.

అందులో "నొప్పి డాక్టరు" నా ప్రాణం. జంతువులకి వైద్యం చేసే డాక్టరు, ఆఫ్రికాలో కోతులకి జబ్బు చేసిందని కబురు వస్తే సముద్రం దాటి వెళ్తాడు. రష్యన్‌లో ఆయన పేరు ఐబలీత్. అంటే "అయ్యో, నొప్పి!" అని అరిచే మాటే పేరుగా పెట్టారట. తెలుగు చేసినవాళ్లు ఎంత హాయిగా దించారో చూడండి. అందులోనూ నీతి లేదు. జబ్బు చేసింది, డాక్టరు వెళ్లాడు, అంతే.

సీతమ్మవాకిలి
నొప్పి డాక్టరు!! మా పక్కింటావిడ "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానమ్మా" అని తీసుకెళ్లింది. ముప్పై ఆరేళ్లయింది. మొన్న వాళ్లమ్మాయి పెళ్లికి వెళ్లి అక్షింతలు వేస్తూ కూడా అదే గుర్తొచ్చింది.

బడుద్ధాయి
కట్నాల పుస్తకంలో రాయించాల్సింది. "నొప్పి డాక్టరు, ముట్టినది."

రిటైర్డ్_తెలుగు_మాష్టారు
పిల్లవాడు లేచి వెళ్లిపోవడంలో తప్పు లేదు. ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పి నేనే చాలామందిని అలా లేపి పంపించాను. ప్రశ్నాపత్రంలో "ఈ కథ వలన మీరు గ్రహించిన నీతి ఏమి?" అని నాలుగు మార్కులకి అడిగేవాళ్లం. అందుకోసం ప్రతి కథకీ ఒక నీతి తయారుచేసి పెట్టాలి.

అసలు పంచతంత్రంలో "నీతి" అంటే బుద్ధిగా ఉండమని కాదు. రాజనీతి అన్నప్పటి నీతి అది. ఎవరిని నమ్మాలి, ఎప్పుడు తగ్గాలి, ఎప్పుడు దెబ్బ కొట్టాలి అనే లౌక్యం. మహిలారోప్యం రాజు అమరశక్తికి ముగ్గురు మొద్దు కొడుకులు. ఆరు నెలల్లో దారిలో పెడతానని విష్ణుశర్మ పందెం కాసి చెప్పిన కథలివి. మంచి పిల్లల్ని తయారుచేయడం ఆయన పని కాదు, బతికి బట్టకట్టే రాజుల్ని తయారుచేయడం ఆయన పని.

మీ అబ్బాయికి కోతి, మొసలి కాదమ్మా, కాకోలూకీయం చెప్పండి. కాకులకీ గుడ్లగూబలకీ యుద్ధం. పంచతంత్రంలో మూడో తంత్రం, అంటే మూడో భాగం. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక వేసినప్పుడు మిత్రలాభం, మిత్రభేదం రెండే రాశారు. బడిలో మనకి తగిలినవీ ఎక్కువగా అవే. కాబట్టి ఈ యుద్ధం చాలామంది చెవిన పడనే లేదు.

మర్రిచెట్టు మీద కాకుల కోట, రాజు మేఘవర్ణుడు. కొండగుహలో గుడ్లగూబల కోట, రాజు అరిమర్దనుడు. రాత్రి కాకులకి కన్ను కానదు, పగలు గుడ్లగూబలకి కానదు. రోజూ చీకటి పడ్డాక గుడ్లగూబలు వచ్చి, చెట్టు చుట్టూ దొరికిన కాకిని దొరికినట్టు చంపి పోతున్నాయి. మేఘవర్ణుడు మంత్రుల్ని పిలిచి అడిగితే ఒకడు సంధి అంటాడు, ఒకడు యుద్ధం అంటాడు, ఒకడు చెట్టు వదిలి పోదామంటాడు. అందరూ చెప్పింది విని ముసలి మంత్రి స్థిరజీవి అంటాడు, "నన్ను అందరి ముందూ తిట్టు. ముక్కుతో పొడువు. ఒళ్లంతా నెత్తురు పూసి చెట్టు కింద పడేసి మీరంతా ఋష్యమూకం వెళ్లిపోండి."

మిగతాది పిల్లవాడినే అడగనివ్వండి.

అటకమీదపిల్లి
మాష్టారూ, వాడి సంగతి తర్వాత, నాకే చెప్పండి. ఆఫీసులో మీటింగు నడుస్తోంది, ఏదీ బుర్రకెక్కడం లేదు.

రిటైర్డ్_తెలుగు_మాష్టారు
గుడ్లగూబలు వస్తాయి. నెత్తుటి ముద్దలా పడి ఉన్న ముసలి కాకి కనిపిస్తుంది. "శత్రువు బలవంతుడు, సంధి చేసుకో అని మంచి చెప్పినందుకు మా రాజే నన్నిలా చేశాడు" అంటుంది. అరిమర్దనుడు తన అయిదుగురు మంత్రుల్ని అడుగుతాడు. రక్తాక్షుడు ఒక్కడే "వెంటనే చంపెయ్" అంటాడు. మిగతా నలుగురూ శరణన్నవాణ్ణి చంపకూడదంటారు. రాజు ఆ నలుగురి మాట వింటాడు.

స్థిరజీవిని గుహ వాకిట్లో ఉండనిస్తారు, మాంసం పెట్టి మేపుతారు. అతను గూడు కట్టుకుంటున్నట్టు నటిస్తూ రోజుకో పుల్ల తెచ్చి గుహ నోటి దగ్గర పేరుస్తాడు. కుప్ప తయారయ్యాక ఒక పగటిపూట, గుడ్లగూబలకి కన్ను కానని వేళ, ఎగిరి వెళ్లి తన వాళ్లని పిలుచుకొస్తాడు. ప్రతి కాకి ముక్కునా ఒక మండే పుల్ల.

కరీంనగర్_కాకి
అబ్బ. నా పేరుకు ఇయ్యాల న్యాయం జరిగింది.

సీతమ్మవాకిలి
నేను ఒప్పుకోను. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఈ కథ చెప్తే ఏడ్చేశాను. అన్నం పెట్టిన ఇంటికి నిప్పు పెట్టడం సాహసం ఎలా అవుతుంది?

మా పెరట్లో చింతచెట్టు తొర్రలో ఒక గుడ్లగూబ ఉండేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి తొర్ర అంచు మీదికి వచ్చి కూర్చుని, ఒళ్లు కదపకుండా తల మాత్రం వెనక్కి తిప్పి నన్నే చూసేది. అది అరిస్తే అరిష్టమని ఇంట్లో అందరూ తిట్టేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు. కాకికేమో ప్రతి తద్దినానికీ పిలిచి మరీ పిండం. కథలోనూ కాకులే గెలవాలా? నేను ఆ రోజు నుంచీ గుడ్లగూబల పార్టీ.

పాతపుస్తకాలపిచ్చి
అసలు తగువు ఎక్కడ మొదలైందో కూడా ఆ కథలోనే ఉంది. పక్షులన్నీ కలిసి గుడ్లగూబకి పట్టాభిషేకం చేయబోతాయి. అంతా సిద్ధం. అప్పుడు ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి, "ఈ మొహానికా రాజ్యం? కోపం లేనప్పుడే ఇలా ఉంది, కోపం వస్తే ఎలా ఉంటుందో" అని చెడగొడుతుంది. పక్షులు ఎటువాళ్లు అటు ఎగిరిపోతాయి. పట్టాభిషేకం పీట మీద గుడ్లగూబ ఒక్కటే మిగులుతుంది.

ఆ దృశ్యం తల్చుకుంటే నేనూ సీతమ్మ గారి పార్టీయే.

కరీంనగర్_కాకి
రోజూ రాత్రి వచ్చి నిద్రలో చంపి పోతున్నయ్ కదా అక్కా. పిల్లలున్నయ్, గుడ్లున్నయ్. కాకులు ఏం చేయాలె? అర్జీ పెట్టుకోవాలెనా?

సీతమ్మవాకిలి
కాకులు గుడ్లగూబ పట్టాభిషేకం ఎందుకు చెడగొట్టాయి మరి?

కరీంనగర్_కాకి
చెడగొట్టింది ఒక్క కాకి. ఊరందరినీ చంపుతరా దానికి?

బడుద్ధాయి
రెండు వేల ఏళ్ల కిందటి యుద్ధం మళ్లీ మొదలైంది. మధ్యలో మాష్టారు పుల్లలు పేరుస్తున్నట్టున్నారు, ఎవరైనా ఒక కన్నేసి ఉంచండి.

దమ్మాం_దొర
ఈ కథ గురించి ఒక ముచ్చట. నేను దమ్మాంలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. సైట్లో మా ఫోర్‌మన్ ఈజిప్టు ఆయన, మన్సూరా ఊరు. ఒకరోజు మధ్యాహ్నం ఎండకి పని ఆపి, నీడలో కూర్చుని లబన్ తాగుతున్నాం. (మన మజ్జిగే, కాస్త చిక్కన.) కంచె మీద కాకి వాలింది. ఆయన దాన్ని చూసి "గురాబ్" అని, ఏదో కథ మొదలుపెట్టాడు. బూమ్ అంటే గుడ్లగూబ. బూమ్ రాజు, గురాబ్ రాజు, ముసలి మంత్రి ఈకలు పీకించుకోవడం... నాకు ఒళ్లు జలదరించింది. మా నాయనమ్మ కథ! మిగతా సగం నేను చెప్పాను, నాకు వచ్చిన అరబిక్‌లో, చేతులు తిప్పుతూ.

ఆయన నా వంక అనుమానంగా చూశాడు. "నీకెలా తెలుసు? ఇది కలీలా వ దిమ్నా, మాది" అన్నాడు. కాదు, మాది అన్నాను. కలీలా, దిమ్నా ఎవరో కాదు, మన పంచతంత్రంలో నక్కలు కరటకుడు, దమనకుడు. ఆరో శతాబ్దంలో పర్షియా వాళ్లు అప్పటి తమ భాష పహ్లవీలోకి తీసుకెళ్లారు, ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబ్బీలో రాశాడు. ఇదంతా తర్వాత ఫోన్లో చూసి ఆయనకి చూపించాను. ఒప్పుకోలేదు. "మీరు రాసి ఉంటారు, మేం బాగా రాశాం" అన్నాడు.

అన్నట్టు, ఆయన కూడా కాకుల పార్టీయే.

వేపచెట్టు_నీడ
దొర గారూ, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే నంబర్ వన్. "మేం బాగా రాశాం." హహ.

మంథరకం
ఆలస్యంగా వచ్చాను, పేరు చూశారుగా.

యుద్ధం దాకా ఎందుకు, మిత్రలాభం చాలదా? మాకు నీతిచంద్రిక పాఠంగా ఉండేది. ఆ గ్రాంథికం చూస్తే భయం, సంధులు విడదీయలేక చచ్చేవాళ్లం. కానీ ఒకరోజు కరెంటు పోయింది, మా సారు పుస్తకం మూసి మామూలు మాటల్లో చెప్పారు. అప్పుడు తెలిసింది అది ఎంత పకడ్బందీ ప్లానో.

తాబేలు మంథరకుణ్ణి వేటగాడు పట్టి వింటికి కట్టుకుని పోతున్నాడు. లేడి చిత్రాంగుడు ముందు పరుగెత్తి చెరువు గట్టున చచ్చినట్టు పడుకుంటాడు. కాకి లఘుపతనకం దాని తల మీద వాలి కళ్లు పొడుస్తున్నట్టు నటిస్తుంది. చచ్చిన లేడి దొరికిందని వేటగాడు తాబేటిని కింద పెట్టి అటు నడుస్తాడు. ఎలుక హిరణ్యకుడు వచ్చి పటపటా తాళ్లు కొరికేస్తాడు. తాబేలు నీళ్లలోకి, లేడి అడవిలోకి, కాకి చెట్టు మీదికి, ఎలుక కన్నంలోకి. వేటగాడు తిరిగొచ్చి చూస్తే తెగిన తాళ్లు.

నలుగురికీ నాలుగు పనులు. ఎవరి పని ఇంకొకరు చేయలేరు. మాకు నచ్చింది అదే. మర్నాడు ఇంటర్వెల్లో ఆడుకున్నాం కూడా. నేను లావుగా ఉండేవాణ్ణి కాబట్టి తాబేలు వేషం. నన్ను ఎవరూ మోయలేకపోయారు, వేటగాడే పారిపోయాడు.

అటకమీదపిల్లి
మంథరకం గారూ, ఈ పేరు అక్కడిదన్నమాట!

మంథరకం
పదో తరగతి నుంచీ. పెళ్లి శుభలేఖ మీద తప్ప అన్నిచోట్లా ఇదే.

పాతపుస్తకాలపిచ్చి
పంచతంత్రం బొమ్మల్లో కావాలంటే బుజ్జాయి గారు గీసినవి వెతకండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి. ఇంగ్లీషు వారపత్రికలో బొమ్మల కథలుగా వేశారు. ఆయన నక్కలకి నడుము, మెడ తిప్పే తీరు చూస్తే మనకి తెలిసిన మనుషులే గుర్తొస్తారు.

పెద్దయ్యాక చదవడానికైతే విశ్వనాథ వారి హాహా హూహూ. గుర్రం తల, రెక్కలు ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఇంగ్లీషువాళ్లు దాన్ని జంతువనాలో మనిషనాలో తేల్చుకోలేక బోనులో పెడతారు. పిల్లలకి కాదుగానీ, పిల్లల కథ చదివినంత సరదాగా ఉంటుంది.

గోదారిగట్టు
మేం 1993లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మోగ్లీ చూసి పెరిగిన బ్యాచ్. పుస్తకం ఎవడు చదివాడు? హిందీ ఒక్క ముక్క రాదు, పాట మాత్రం నోటికొచ్చు. షేర్‌ఖాన్ మాటలకి మా అన్నయ్య సొంతంగా తెలుగు డబ్బింగ్ చెప్పేవాడు. వాడి డబ్బింగ్‌లో షేర్‌ఖాన్ మా ట్యూషన్ మాస్టారు.

రిటైర్డ్_తెలుగు_మాష్టారు
ట్యూషన్ మాస్టార్లని ఏమీ అనకండి.

సీతమ్మ గారూ, మీకు ఒక మాట బాకీ ఉన్నాను. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఒక ముక్క వదిలేస్తారు. గుడ్లగూబలన్నీ కాలిపోలేదు. రక్తాక్షుడు తన మాట ఎవరూ వినడం లేదని చూసి, తన వాళ్లందరినీ పిలిచి ఒక కథ చెప్తాడు. నక్క ఒకటి తన గుహకి వస్తుంది, లోపలికి పోయిన సింహం అడుగులు కనిపిస్తాయి, బయటికొచ్చిన అడుగులు లేవు. "గుహా, గుహా, రోజూ పలుకుతావు కదా, ఇవాళ పలకవేం?" అని వాకిట్లో నిలబడి అరుస్తుంది. లోపల దాక్కున్న సింహం, నిజంగానే గుహ పలుకుతుంది కాబోలు అనుకుని గర్జిస్తుంది. నక్క పరుగో పరుగు. ఆ కథ చెప్పి, "మనమూ ఇక్కడ ఉండకూడదు" అని తన పరివారంతో వేరే కొండకి వెళ్లిపోతాడు రక్తాక్షుడు. ఆ తర్వాతే స్థిరజీవి పుల్లలు పేర్చడం మొదలుపెడతాడు.

సీతమ్మవాకిలి
మా అమ్మమ్మ ఇది చెప్పలేదు! యాభై రెండేళ్ల వయసులో కళ్లు తుడుచుకుంటున్నాను మాష్టారూ. మా చింతచెట్టుది రక్తాక్షుడి వంశమే అయ్యుంటుంది.

కరీంనగర్_కాకి
సరే అక్కా, ఆ ఒక్కనికి సలాం. మా కాకులు కూడా ఆయన జోలికి పోలే, గమనించు.

అటకమీదపిల్లి
రిపోర్టు ఇస్తున్నాను.

నాలుగు రాత్రులు పట్టింది. చెప్పే ముందు నీతి ఉండదని ఒట్టు వేయించుకున్నాడు. మొదటి రాత్రి స్థిరజీవి నెత్తురు పూసుకుని పడి ఉన్నచోట ఆపాను, "ఇంకా ఉంది" అని. దిండు విసిరాడు. గోదారిగట్టు గారూ, ఆ దెబ్బ మీ చందమామ పుణ్యమే.

రెండో రాత్రి కుందేళ్లు, ఏనుగుల ఉపకథ. ఏనుగుల మంద నీళ్ల కోసం వచ్చి కుందేళ్లని తొక్కేస్తుంటే, ఒక కుందేలు వెళ్లి "నేను చంద్రుడి దూతని, ఇది ఆయన చెరువు, కోపంతో వణికిపోతున్నాడు చూడు" అని నీళ్లలో కదిలే చందమామని చూపించి ఏనుగురాజు చేత దణ్ణం పెట్టించి పంపేస్తుంది. వాడు లేచి కూర్చుని, "కుందేలు అబద్ధం చెప్పింది కదా, దానికేం కాలేదా?" అన్నాడు. ఏం కాలేదు అన్నాను. "ఏమీ కాలేదా?" అని ఇంకోసారి అడిగి, దుప్పటి కప్పుకుని చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు.

మంటల రాత్రి మాత్రం నవ్వలేదు. "గుడ్లగూబ పిల్లలు కూడా లోపలే ఉన్నాయా?" అన్నాడు. నాకేం చెప్పాలో తోచలేదు. రక్తాక్షుడు తీసుకెళ్లాడుగా అన్నాను. "అందర్నీ కాదుగా" అన్నాడు. లైటు ఆర్పొద్దన్నాడు ఆ రాత్రి.

సీతమ్మవాకిలి
బంగారు తండ్రి. మా పార్టీలో చేర్చుకుంటున్నాను, సభ్యత్వ రుసుము మాఫీ.

దమ్మాం_దొర
మా ఫోర్‌మన్‌కి చెప్పాను. ఆయన కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయనకి ఏడేళ్ల కూతురుంది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

వేపచెట్టు_నీడ
పిల్లలకి చెప్పేటప్పుడు ఆ మంటల భాగం తగ్గించొచ్చేమో. కాకులు పొగ పెట్టాయి, గుడ్లగూబలు పారిపోయాయి అంటే సరిపోతుంది.

పాతపుస్తకాలపిచ్చి
వద్దండీ. అలా తగ్గించి తగ్గించే దాన్ని నాలుగు మార్కుల ప్రశ్న చేశారు.

వేపచెట్టు_నీడ
తొమ్మిదేళ్ల పిల్లాడు లైటు వేసుకుని పడుకున్నాడు సార్. నేను బ్యాంకువాణ్ణి, నాకే కాస్త జాలేసింది.

కరీంనగర్_కాకి
నేను చిన్నప్పుడు లైటు లేకుండా పడుకున్న కథ ఒక్కటి కూడా ఇప్పుడు యాదికి లేదు.

అటకమీదపిల్లి
ఇవాళ్టి సంగతి. స్కూలు నుంచి వచ్చి సంచి పారేసి, కరెంటు బిల్లు వెనక మ్యాపు గీశాడు. పేరు "రక్తాక్ష కొండ". కింద కాలిపోయిన పాత గుహ, నల్లగా పెన్సిలుతో బాగా రుద్దాడు. పైన కొత్త గుహ, దానికి రెండు ద్వారాలు. రెండెందుకురా అంటే, "ఒక్కటే ఉండటం వల్లే కదా చచ్చిపోయారు" అన్నాడు. వాకిట్లో పుల్ల కనిపిస్తే ఎవరైనా సరే వెంటనే తీసేయాలని రూలు కూడా రాశాడు. పాత గుహలోంచి ఒక గుడ్లగూబ పిల్ల తప్పించుకుని ఆ కొండ వెతుక్కుంటూ బయల్దేరుతుందట. సగం రెక్క కాలింది కాబట్టి నడిచి వెళ్తుందట. దారిలో ఒక కాకి పిల్ల కలుస్తుందట.

దానికి పేరు కావాలి. రక్తాక్షుడి పేరు చివర "అక్షుడు" ఉంది కాబట్టి, ఆడపిల్ల కాబట్టి "అక్షి" ఉండాలని వాడే తేల్చాడు. నేను "నీలాక్షి" అంటే "అంత మెత్తగా వద్దు, అది మంటల్లోంచి వచ్చింది" అన్నాడు. మాష్టారూ, మీరే దిక్కు.

బడుద్ధాయి
మీనాక్షి?

సీతమ్మవాకిలి
అది చేప కళ్లది. కామాక్షి, విశాలాక్షి కూడా వద్దు, మా మేనత్తలు.

రిటైర్డ్_తెలుగు_మాష్టారు
జ్వలితాక్షి. బావుందేమో అడిగి చెప్పండి. కాకిపిల్ల పేరు కరీంనగర్ ఆయన్ని అడగమనండి, నేను పెడితే పక్షపాతం అంటారు.

అటకమీదపిల్లి
జ్వలితాక్షి పాసయింది. మ్యాపు మీద రాసేసుకున్నాడు, ల బదులు ళ పెట్టి. దిద్దలేదు నేను.